తొమ్మిదో నంబరు మెడపట్టీ

రోజు 121

పొద్దున్నే పదహారు నమూనాలు కడిగాను. నమూనా అన్నది ఆఫీసు మాట. మా ఊళ్ళో దాన్ని పియ్యి అంటారు. ఎండిన కొండసింగం పియ్యిని వేణ్ణీళ్ళలో నానేసి, జల్లెడలో పోసి, వేళ్ళతో నలిపి, అందులోంచి వెంట్రుకలూ ఎముక ముక్కలూ ఏరి సీసాల్లో పెట్టాలి. పంది వెంట్రుక మొద్దుగా ఉండి కొసన చీలుతుంది. దుప్పి వెంట్రుక పెళుసు, గిల్లితే విరుగుతుంది. వాసన గురించి రాయను. పదేళ్ళుగా ఇదే పని, రాసిన ప్రతిసారీ అది మళ్ళీ ముక్కులోకి వస్తుంది.

ఈ నోటుపుస్తకం నా సొంతం. ఆఫీసు లాగ్ గుమాస్తా రాస్తుంది. గుమాస్తా అంటే మనిషి కాదు, స్టేషను గోడకి బిగించిన యంత్రం. రోజూ ఆరింటికి "శుభోదయం దస్తగిరమ్మ గారూ, ఈ రోజు మీ మనసు ఎలా ఉంది?" అని అడుగుతుంది. నిన్న "కుళ్ళింది" అన్నాను. "కుళ్ళింది. నమోదు చేశాను" అంది. దాని మర్యాద మండ. తిట్టినా తిరిగి తిట్టని దానితో ఎన్నాళ్ళని కాపరం చేస్తాం.

మధ్యాహ్నం మద్దిలేటన్నతో చుక్కల గుంపు దగ్గరికి పోయాను. తొమ్మిదో నంబరు ఆడసింగం మెడలో పట్టీ ఉంది. నాలుగు గంటలకోసారి అది ఎక్కడుందో పట్టీ చెప్తుంది, గుమాస్తా పటం మీద చుక్క పెడుతుంది. చుక్కలు ఒకేచోట గుంపుగా పడితే అక్కడ ఏదో చంపి తింటోందని అర్థం. వేటగాళ్ళకి తెలిసిపోతుందన్న భయంతో మాకు కూడా రెండు రోజులు ఆలస్యంగా చూపిస్తారు. అంటే మేం చేరేసరికి సింగం తినేసి పోయి ఉంటుంది, మిగిలింది పురుగులు తింటూ ఉంటాయి. నా చదువంతా ఆ పురుగుల పాలే.

ఈసారి దూడ. ఇళ్ళ కప్పుకి వేసే బోద కసువులో పడి ఉంది, మీద ఆకులు కప్పి ఉన్నాయి. కొండసింగం పద్ధతి అదే. ఇదివరకు ఈ నల్లమలలో తిరిగిన చిరుతలు వేటని చెట్టెక్కించేవట. అవన్నీ మాయరోగంతో పోయాక, పందులు అడవి అంచు ఊళ్ళ చేలని మేసేస్తుంటే, సముద్రాల అవతల నుంచి ఈ ప్యూమాలని తెచ్చి వదిలారు, కొండసింగం అన్నది ఊరివాళ్ళు పెట్టిన పేరు. ఇవి చెట్టెక్కించవు. చుట్టూ ఉన్న ఆకూ అలమూ ముందుకాళ్ళతో గీకి మీదికి లాక్కుంటాయి, కప్పి పెట్టుకుని రోజూ వచ్చి తింటాయి.

"దూడ పాపా. సచ్చి రెండు మూడు దినాలై ఉంటాది" అన్నాడు మద్దిలేటన్న. ఆయనకి యాభై ఎనిమిది. పాతికేళ్ళు ఇక్కడే గొడ్లు కాశాడు, ఇప్పుడు నాకు దారి చూపిస్తున్నాడు. నాకు ముప్పై ఎనిమిదొచ్చినా పాపా అనే పిలుస్తాడు.

ఇంటి పశువుని చంపితే సింగం పేరు మీద ఒక గీత పడుతుంది. నెలలో మూడు గీతలు పడితే వాపసు. వాపసంటే వచ్చిన దేశానికి పంపరు, తుపాకులు పట్టుకుని నలుగురొచ్చి చంపుతారు. అందుకే గీత వేసే ముందు మెడ తోలు ఒలిచి చూడమని నిబంధన. బతికున్న జంతువుని కొరికితే తోలు కింద నెత్తురు చేరి నల్లగా కమిలి ఉంటుంది. చచ్చినదాన్ని కొరికితే కమలదు.

నేను ఒలవలేదు. దూడ మెడ నిండా పురుగులు లుకలుకలాడుతూ ఉన్నాయి, పొద్దుటి పదహారు నమూనాలతోనే నాకు ఆ రోజుకి సరిపోయింది. మెడ మీద రెండు కోరల గుర్తులు కనపడుతున్నాయి, చాలదా అనుకున్నాను. సాయంత్రం గుమాస్తా "మెడ ఒలిచారా?" అని అడిగితే "ఒలిచాను" అన్నాను. ఒక గీత పడింది.

రోజు 126

ఇంకో గుంపు. ఈసారి పెయ్యదూడ, చచ్చి మూడు రోజులైంది. పొట్ట ఉబ్బి పగిలింది. ఛీ, ఏం బతుకు నాది. నా ఈడువాళ్ళు, నాతో చదివినవాళ్ళు చల్లటి గదుల్లో కూచుని చేపల మీద పరిశోధన చేస్తున్నారు.

మళ్ళీ మెడ మీద రెండు రంధ్రాలు. మళ్ళీ ఒలవలేదు. మళ్ళీ ఒలిచానన్నాను. రెండో గీత.

నాకు నచ్చని సంగతి ఒకటుంది. తొమ్మిదో నంబరు చుక్కలు చూస్తే, పగలంతా తిరుగుతోంది, రాత్రంతా గుండాలకోన ఊరి దాపున ఒకేచోట ఉంటోంది. నేను చూసిన ఏ సింగమూ ఇలా చేయలేదు. పొద్దుపొడుపులోనూ మునిమాపులోనూ తిరిగే జంతువు ఇది. గుమాస్తాని అడిగాను.

"తొమ్మిదో నంబరు మనుషులకు అలవాటు పడుతోంది. ఇది ఆశాజనకమైన పరిణామం" అంది.

"నీ బొంద" అన్నాను.

"నమోదు చేశాను."

మద్దిలేటన్నని కూడా అడిగాను. "దాని ఇష్టం పాపా, పిల్లల తల్లి" అని కత్తి నూరుకుంటూ కూచున్నాడు.

ఆ పిల్లల గురించే నా బాధ. నలభయ్యో రోజున, కూనల తూకం కోసం ఆ ఒక్క పూటకి గుమాస్తా ఆలస్యం లేకుండా చుక్కలు చూపిస్తే, తల్లి వేటకి పోయిందని చూసుకుని రాతిగుహ దగ్గరికి వెళ్ళాను. నా వాసన అంటకుండా చేతులకి ఆకు పసరు రాసుకుని, మూడు కూనల్నీ ఒక్కొక్కదాన్నే గుడ్డసంచిలో వేసి తూచాను. ఐదు వారాలవి. ఒంటి నిండా మచ్చలు, నీలం కళ్ళు. చిన్నది నా మోచేతి దాకా ఉచ్చపోసి, పైగా నా మీదే బుస్సుమంది. ఆ చొక్కా మూడు ఉతుకులకి గాని వాసన వదల్లేదు. కోపం రాలేదు. నాకు ఈ ఉద్యోగంలో ముద్దొచ్చినవి ఆ మూడే.

ఇంకో గీత పడితే తల్లిని కాల్చేస్తారు. తల్లి పోతే ఆరు నెలలు నిండని కూనల్ని కూడా బతకనివ్వరు. దిక్కులేని కూనలు పెరిగి ఊళ్ళ మీద పడతాయని నిబంధన. ఈ నెల గట్టెక్కాలి.

రోజు 131

ఆకుపచ్చ డబ్బా ఖాళీగా ఉంది. కొత్త నమూనాలు వేసే డబ్బా అది. పద్దెనిమిది రోజుల్లో ఒక్క కొత్త నమూనా దొరకలేదు. ఇరవై రోజుల కిందట ఇవి తక్కువైతే బాగుండునని దేవుడికి మొక్కినదాన్నే, ఇవాళ వాగు ఇసకలో మోకాళ్ళ మీద వంగి పియ్యి కోసం వెతుకుతున్నాను. అడుగుల గుర్తులు కూడా లేవు. అంత బరువున్న జంతువు పగలంతా తిరుగుతూ ఇసకలో ఒక్క అడుగు వేయకుండా ఎలా పోతోంది.

గుహ దాకా పోదామంటే గుమాస్తా ఒప్పుకోదు. ఆ ఒక్క తూకం తరువాత, కూనలకి ఆరు నెలలు నిండేదాకా గుహ చుట్టూ కిలోమీటరు మేర నాకు నిషేధం.

"తొమ్మిదో నంబరు ఐదు రోజులుగా వేటాడలేదు. ఎనిమిది రోజులు దాటితే ఎగిరే కెమెరా పంపి ఆరోగ్యం పరీక్షిస్తాను" అంది సాయంత్రం. పంపనీ, అప్పుడైనా దాని మొహం కనపడుతుంది అన్నాను. మద్దిలేటన్న ఆ మాట విని సద్ది సంచి భుజానేసుకుని లేచి వెళ్ళిపోయాడు. అన్నానికి కూచుందామంటే ఆకలి లేదన్నాడు. ఈమధ్య నాతో కూచుని తినడం మానేశాడు. ఆ సంచి వాసన కూడా బాలేదు. పాచిపోయిన సద్ది ఎన్నాళ్ళు మోస్తాడో.

రోజు 134

ఈసారి ఎద్దు.

కొండ మీద, ఊరికి రెండు గంటల నడక దూరంలో, చిన్న పల్లంలో. మూడోది. ఇక సాయంత్రం గుమాస్తాకి ఒక్కమాట చెప్తే రేపు తుపాకులొస్తాయి.

ఆ భయానికి బుద్ధొచ్చింది. ముక్కుకి కర్పూరం గుడ్డ కట్టుకుని, చేతులకి తొడుగులేసుకుని, కత్తి తీశాను. మద్దిలేటన్న రమ్మంటే రాలేదు. దూరంగా బండ మీద అటు తిరిగి కూచున్నాడు.

మెడ కింద తోలు కోసి లాగాను. ముసలి ఎద్దు తోలు, మందంగా ఉండి కత్తికి జారిపోతోంది. పురుగులు నా మణికట్టు దాటి చొక్కాలోకి పాకాయి. రెండుసార్లు లేచి వెళ్ళి వాంతి చేసుకుని మళ్ళీ వచ్చి కూచున్నాను. జానెడు మేర తోలు వెనక్కి తీసేసరికి లోపల ఎక్కడా కమిలిన మచ్చ లేదు. కోరల గుర్తులనుకున్నవి గుండ్రంగా, మేకుతో పొడిచినట్టు తిన్నగా ఉన్నాయి.

అప్పుడు ఆకులు చూశాను. చుట్టూ నేల మీద గీకిన గీతలే లేవు. టేకాకులు ఒకదాని మీద ఒకటి, కొస కిందికి, ఈనె పైకి వచ్చేటట్టు పేర్చి ఉన్నాయి. వాన పడితే నీళ్ళు జారిపోయేలా ఇల్లు కప్పినట్టు కప్పారు. సింగానికి అంత ఓపిక లేదు.

చివరికి ముక్కు చూశాను. ముక్కుకి తూటు ఉంది, ముకుతాడు లేదు. తెగిపోలేదు, పక్కన పడి లేదు.

ట్రాక్టర్లు ఆగిపోయిన ఏటి నుంచి ఈ చుట్టుపక్కల ఎద్దంటే ఇంట్లో మనిషి లెక్క. ఎద్దు చచ్చిపోతే దాని ఆసామే వచ్చి ముకుతాడు కోసి, తీసుకెళ్ళి కొట్టంలో గుంజకి కడతాడు. తాడుతోనే పంపితే కట్టేసి పంపినట్టట. ఎంత తొందరలో ఉన్నా, ఎంత దొంగపని మీద ఉన్నా, ఇక్కడి గొడ్లకాపరి చెయ్యి ముకుతాడు కోయకుండా ఊరుకోదు. కొండసింగానికి ఎద్దు కాలేయం కావాలి గాని ముకుతాడు ఎందుకు?

"అన్నా, ఇది ఎవరి ఎద్దు?" అన్నాను.

అటే తిరిగి, "నాదే పాపా" అన్నాడు.

"సింగం ఎక్కడ?"

సద్ది సంచి ముడి విప్పి, లోపల చెయ్యి పెట్టి, తొమ్మిదో నంబరు మెడపట్టీ తీసి బండ మీద పెట్టాడు. పచ్చదీపం ఇంకా మెరుస్తోంది.

చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

"శెనక్కాయ చేనికి తీగ కడితి. పందులకని కరెంటు పెడితి. నూటపదమూడో దినం అంటావే నువ్వు, ఆ పొద్దు. తెల్లారి పోయి చూస్తే ఇది తీగ మీద అడ్డంగా పడి ఉండె. పందికి పెట్టింది దీనికి తగిలె. నేను పట్టీని తల మీంచి లాక్కుని, దాన్ని చేలోనే పూడిస్తి. పట్టీ కదలకుంటే మీ గుమాస్తాకి తెలుస్తాదని నువ్వే చెప్పింటివి. పగలు సంచిలో మోస్తి. రాత్రిపూట ఎద్దు మెడకు తాడుతో కడితి."

రాత్రంతా ఊరి దాపున ఉన్న చుక్క, మనుషులకి అలవాటు పడుతున్న ఆశాజనకమైన సింగం, ఆయన కొట్టంలో గడ్డి నెమరేసుకుంటున్న ఎద్దు.

"జైలుకి భయపడ్డావా?"

"భయపడితి. అబద్ధమేంటికి చెప్పేది. కానీ నాలుగోనాడు కొండ మీద కూనలు అరుస్తాండె. ఇనలేకపోతి. ఈ సంగతి చెప్తే వాటిని గూడా చంపుతారని నీ నోటితోనే వింటి గదా. మాంసం మోసుకుపోయి పెడతా వస్తి."

"మరి దూడల్ని ఎందుకు పెట్టావు? ఇంటి పశువైతే గీత పడుతుందని తెలీదా?"

"వేట లేకుంటే ఎగిరేది వస్తాదంటివి. పందులు దొరకలే. గొడ్ల దిబ్బలో సచ్చిన దూడలుండె, వాటిని తెచ్చి పట్టీ పక్కన పెడితి. రెండిటితో సరిపెడదామనుకుంటి. ఎద్దు జబ్బుపడె. ఎట్లా బతకదని తెలిసి, దాన్ని నడిపించుకుంటా ఈడికి తెస్తి. రెండు రాత్రులు పక్కనే కూచుంటి."

నాకు అసహ్యం వేసింది. చావబోతున్న ఎద్దుని కొండెక్కించిన మనిషి, దాని మెడలో మేకు దించిన మనిషి, రోజూ నా పక్కన నడుస్తూ నా మొహంలోకి చూసిన మనిషి. పక్కకి తిరిగి ఉమ్మాను. తీగ కట్టిన చేతుల్ని చూడబుద్ధి కాలేదు.

"కూనలు మూడూ ఉన్నాయా?" అన్నాను.

"రెండు."

రోజు 135

నిషేధం గీత దాటి గుహ దగ్గరికి పోయాను. గుమాస్తా నా చేతికున్న గడియారం ద్వారా నా చుక్కలు కూడా చూస్తుంది, అందుకని గడియారం స్టేషనులో వదిలి వచ్చాను. మద్దిలేటన్న దారి తెలిసినట్టు ముందు నడిచాడు. పద్దెనిమిది రోజులుగా నడుస్తున్న దారి మరి.

బండ చాటు నుంచి చూశాం. రెండూ నీడలో పడుకుని ఉన్నాయి. డొక్కలు లోపలికి పోయాయి గాని కళ్ళు చురుగ్గానే ఉన్నాయి. మద్దిలేటన్న తెచ్చిన మాంసం ముక్క విసిరితే రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటూ లాక్కెళ్ళాయి. చెవి మీద గీత ఉన్నదీ, తోక వంకరదీ. నా మీద ఉచ్చపోసిన చిన్నది లేదు.

ఆయన దాని మీద పేర్చిన రాళ్ళు తీయించి చూశాను. చూడక తప్పదు, అది నా పని. తూచాను. నాలుగు కిలోలు. ఆ వయసుకి ఎనిమిదుండాలి. వెనక కాళ్ళ మధ్యంతా ఎండిన నీళ్ళ విరేచనాలు.

"ఏం పెట్టావు దీనికి?"

"చిన్నది, కూర నమల్లేకపోతాండె. ఆవుపాలు పోస్తి. పాలు పోయకుంటే ఎట్లా పాపా, పసిది."

పాతికేళ్ళు దూడల్ని పెంచిన మనిషి. తల్లి లేని ఏ పసిదాన్ని చూసినా ఆయన చెయ్యి పాలచెంబు మీదికే పోతుంది. ఆవుపాలు సింగం కూనలకి పడవు. విరేచనాలతో ఒళ్ళంతా ఎండిపోయి చస్తాయి. ఈ మాట నాకు తెలుసు, ఆయనకి తెలీదు.

"ఎప్పుడు పోయింది?"

"మొదటి దూడని నువ్వు చూసినావే, దానికి రెండోనాడు."

నూటఇరవై మూడు. మొదటి దూడని చూసింది నూటఇరవై ఒకటిన. ఆ రోజు పురుగులు చూసి మొహం తిప్పుకోకుండా జానెడు తోలు ఒలిచి ఉంటే, అది చచ్చాక పొడిచిందని ఆ పూటే తెలిసేది. ఆ పూటే అడిగేదాన్ని. ఆ పూటే పాలు మాన్పించేదాన్ని. మూడూ ఉండేవి.

నిన్న ఆయన మీద ఉమ్మబోయాను. ఇవాళ ఎవరి మీద ఉమ్మాలో తెలియక అక్కడే కూచున్నాను. ఆయన రాళ్ళు మళ్ళీ పేర్చాడు. నేను సాయం చేశాను.

రోజు 136

రాత్రి నిద్ర లేకుండా లెక్క వేసుకున్నాను. కూనలకి ఆరు నెలలు నిండడానికి ఇంకా నలభై తొమ్మిది రోజులున్నాయి. అది దాటితే నిబంధన వాటి జోలికి రాదు. అప్పటిదాకా గుమాస్తా లెక్కలో తల్లి బతికుండాలి.

మూడో గీత పడితే తుపాకులొస్తాయి. తల్లి చచ్చిందని చెప్పినా తుపాకులొస్తాయి. మద్దిలేటన్నలా పట్టీ మోస్తూ తిరిగితే వారానికో పీనుగ కావాలి. మిగిలింది ఒకటే. పట్టీకి ఒక కీలు ఉంటుంది, పాతబడితే తనంతట తానే ఊడి పడేలా చేసిందది. దాన్ని నా తాళంతో విప్పాను.

ఆరింటికి గుమాస్తా ముందు నిలబడ్డాను.

"శుభోదయం దస్తగిరమ్మ గారూ, ఈ రోజు మీ మనసు..."

"అది వదిలెయ్. ఎద్దు మెడ ఒలిచాను. కమల్లేదు. జబ్బుతో చచ్చింది. గీత వేయకు."

"నమోదు చేశాను. సంతోషం."

"మొదటి రెండు దూడల మెడలు ఒలవలేదు. ఒలిచానని అబద్ధం చెప్పాను. అవీ ముందే చచ్చినవి. ఆ రెండు గీతలూ చెరిపెయ్."

అది ఆలోచిస్తుందో లేదో గాని, ఆలోచిస్తున్నట్టు ఆగడం మాత్రం నేర్చుకుంది.

"గీతలు చెరిపాను. తప్పుడు నమోదు కారణంగా మీ పరిశోధకురాలి హోదా రద్దవుతుంది. మీ పదేళ్ళ నమోదుల మీద మీ పేరు ఉండదు. ఇకపై సహాయకురాలిగా కొనసాగుతారు. అంగీకారమేనా?"

పదేళ్ళు. ఎన్ని జల్లెళ్ళు, ఎన్ని సీసాలు, ఎన్ని వాంతులు.

"అంగీకారమే."

"ఇంకేమైనా?"

"తొమ్మిదో నంబరు పట్టీ ఊడి పల్లంలో దొరికింది."

"తొమ్మిదో నంబరు బతికి ఉందా?"

"ఉంది."

"గుర్తు?"

"అడుగులు చూశాను. రెండు కూనలతో."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకే రోత పుట్టింది. గుమాస్తా నమ్మింది. దానికి నమ్మడం తప్ప వేరే పని లేదు. పట్టీ ఊడితే మళ్ళీ వేయాలి, మళ్ళీ వేయాలంటే బోను పెట్టాలి. బోనుకి యాభై రోజుల గడువు ఇచ్చింది. మొదట్లో బోను తలుపు తెరిచి కట్టేసి, మూడు రోజులకోసారి లోపల మాంసం పెట్టి, భయం లేకుండా వచ్చి తినడం అలవాటు చేయాలి. ఆ తరువాతే తలుపు బిగించడం. మాంసం ఆఫీసే పంపుతుంది, చంపిన అడవిపంది, ఎగిరే డబ్బాలో.

బయటికొచ్చి మద్దిలేటన్నకి చెప్పాను. ఆయన దండం పెట్టబోతే చెయ్యి విదిలించాను. "దండాలొద్దు. ముందు పోయి ఆ తీగ పీకు. స్తంభాలతో సహా. ఊళ్ళో ఇంకెవరి చేనికుందో వాళ్ళతో కూడా పీకించు. నువ్వు చేసింది నేను మరచిపోను. ఊళ్ళో ఒక్క తీగ మిగిలినా గుమాస్తాకి నేనే చెప్తాను" అన్నాను.

"పీకుతా" అన్నాడు. సాయంత్రానికి ఏడు చేల తీగ చుట్టలు చుట్టి స్టేషను ముందు పడేశాడు. ఏమని ఒప్పించాడో అడగలేదు.

రోజు 141

మొదటి పంది బోనులో రెండు రోజులుంది. కూనలు రాలేదు. గుహ నుంచి బోను దాకా ఎన్నడూ నడిచినవి కావు, దారి చూపించేది ఉంటే కదా. పంది ఉబ్బింది. దాన్ని బయటికి లాగి, పొట్ట చీల్చి, పేగుల్ని తాడుకి కట్టి, గడియారం మళ్ళీ స్టేషనులోనే వదిలి, గుహ దగ్గర్నుంచి బోను దాకా నేల మీద ఈడ్చుకుంటూ నడిచాను. తల్లి వేటని ఈడ్చుకెళ్ళిన దారి వాసన పట్టుకుని కూనలు వెనకే పోతాయి. పుస్తకంలో ఒక పేరాలో ఉంటుంది ఈ ముక్క. చేస్తే మూడు గంటలు పట్టింది. ఈగలు నా వెంట ఊరేగింపుగా వచ్చాయి.

తెల్లారి చూస్తే పంది వెనక కాలు లేదు.

రోజు 147

మాంసం పెట్టేటప్పుడు బోను కెమెరా ఆపుకునే హక్కు సహాయకురాలికి కూడా ఉంది. ఇవాళ పొద్దున ఆపి, కొత్త పందిని లోపల పెట్టాం. మద్దిలేటన్న టేకాకులు తెచ్చి మళ్ళీ ఇల్లు కప్పినట్టు పేర్చబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. "అట్లా కాదన్నా, దూరం జరుగు" అని చేతి తొడుగులు తీసేసి, మోకాళ్ళ మీద వంగాను. పది వేళ్ళూ నేలలో దించి, ఆకూ మట్టీ పుల్లలూ నా వైపుకి గీక్కుంటూ, పంది మీదికి లాగాను. చుట్టూ తిరిగి అన్ని వైపుల నుంచీ గీకాను. తొడుగులతో చేస్తే గోళ్ళ గీతలు పడవు. నెత్తురూ చీమూ కలిసిన మట్టి మోచేతుల దాకా అంటింది. మేం వచ్చేశాక కూడా గంటసేపు కెమెరా ఆపే ఉంచాను, ఆ గంటలో తల్లి వచ్చి కప్పి పోయిందని గుమాస్తా అనుకోవాలి.

పదిన్నరకి గుమాస్తా పిలిచింది. తెర మీద బొమ్మ పెట్టింది. బోనులో రెండు కూనలు పొట్టలు నిండా తింటున్నాయి. తోక వంకరది కాస్త ఒళ్ళు చేసింది.

"తల్లి ఫ్రేములో లేదు. పదకొండు రోజులుగా ఒక్క బొమ్మలోనూ లేదు. తల్లి ఉందనడానికి ఆధారం ఏమిటి?"

"మాంసం చూడు. ఆకులు కప్పి ఉంది."

"ఆకులు గాలికి కూడా రాలతాయి."

"నేల చూడు."

బొమ్మని పెద్దది చేసింది. పంది చుట్టూ మట్టిలో, అన్ని వైపుల నుంచీ లోపలికి, గోళ్ళ గీతలు.

"అవును. ఇది ఆడ కొండసింగం కప్పిన పద్ధతి. తల్లి క్షేమం. నమోదు చేశాను."

ఇంకా ముప్పై ఎనిమిది రోజులు. పన్నెండు పందులు. సబ్బుతో నాలుగుసార్లు కడిగాను, గోళ్ళ సందుల్లోది పోలేదు. మధ్యాహ్నం ఆ చేత్తోనే అన్నం కలుపుకుని తిన్నాను.